తెరిచి ఉందని కొందరు

ఆ రోజుల్లో నాకు తెలివి కాస్త ఎక్కువగా ఉండేది. (తర్వాత తగ్గింది. తగ్గాకే ఒంటికి సుఖం.) డిగ్రీ అయిపోయి, ఉద్యోగం దొరక్క, దొరకలేదని ఒప్పుకోవడం ఇష్టం లేక, మార్కాపురంలో ఒక పత్రికకు కంట్రిబ్యూటర్‌గా చేరాను. కంట్రిబ్యూటర్‌కు జీతం ఉండదు. అచ్చయిన లైన్లను బట్టి ఏదో వస్తుంది. గుర్తింపు కార్డు మాత్రం ముందే ఇస్తారు. ఆ కార్డు మెడలో వేసుకుని, నాయన పాత బండి మీద దోర్నాల దాకా తిరుగుతుంటే దేశంలో న్యాయం ఎటువైపు ఉందో తేల్చే పని నామీదే పడినట్టు ఉండేది. సరిగ్గా అప్పుడే ప్రభుత్వం పెద్ద నోట్లు రద్దు చేసింది.

మర్నాడు పొద్దున్నే ఒంగోలు నుంచి డెస్క్‌లో అన్న ఫోన్ చేశాడు. మా రాతలు దిద్దే ఆయన్ని అందరం అన్న అనే పిలిచేవాళ్లం. "తమ్ముడూ, ఇది సున్నితమైన విషయం. మనం ఎటూ వాలకూడదు. తిట్టినవాడొకడు ఉంటే మెచ్చుకున్నవాడొకడు ఉండాల" అన్నాడు. ఆయన చెప్పింది అభిప్రాయాల సంగతి. నాకు మాత్రం అది ప్రపంచంలో ఉన్న సమస్తానికీ వర్తించే సూత్రంగా తోచింది. ఆ రోజు నుంచి బ్యాంకుల ముందు క్యూల వెంబడి తక్కెడ పట్టుకున్నట్టు తిరిగాను. తిట్టేవాళ్లకు కొదవ లేదు. వాళ్లకు జోడీ కుదర్చడమే కష్టం. ఒకాయన పొద్దున్నుంచీ ఎండలో నిలబడి ఉంటే దగ్గరికి పోయి, ఈ నిర్ణయం వల్ల మేలేమైనా కనబడుతోందా అని మర్యాదగా అడిగాను. ముందు లోపలికి పోనిమ్మని, పోయొచ్చి ఎంత కావాలంటే అంత పొగుడుతానని మాటిచ్చినాడు. ఆయన గేటు దాకా చేరేసరికి లోపల డబ్బు అయిపోయింది. బయటికొచ్చి ఆయన అన్నవి ఏ పత్రికా వేసుకోదు. ఇట్ల కాదని, వక్కపొడి కొనడానికి పోయిన చోట దుకాణందారు "మంచిదేలే" అన్న ఒక్క మాటను పట్టుకుని నాలుగు లైన్లు చేశాను. (ఆయన అన్నది నోట్ల గురించో, వక్కపొడి గురించో నేను గట్టిగా విచారించలేదు.) అన్న ఫోన్ చేసి, నీ వార్తల్లో మంచి సమతూకం ఉందన్నాడు. ఆ మాటతో నేను పాడైపోయాను.

మా నాయనకు అన్న, అంటే మా పెద్దనాయన, దోర్నాల పక్క కొండ కింద పల్లెలో గొర్రెలు కాసేవాడు. నోట్ల రద్దుకు కాస్త ముందే, ఏళ్లతరబడి మేపిన పొట్టేళ్లను అమ్మినాడు. ఆ డబ్బుతో బర్రెను కొనాలి. ఆ కోరిక మా పెద్దమ్మది. ఇంటినిండా గొర్రెలున్నా టీలోకి చుక్క పాలకు పక్కింటికి గిన్నె పట్టుకుని పోవాల్సి రావడం ఆమెకు కాపురానికొచ్చిన నాటి నుంచీ చిన్నతనంగా ఉండేది. పక్క ఊళ్లో చూడి బర్రెను చూసుకున్నారు, బేరం కుదిరింది. పెద్దమ్మ ఇంటి వెనక కొట్టం వేయించి, మేత వేసే గాటికి మట్టి మెత్తి, తన చేత్తోనే అలికింది. ఇంతలో పొట్టేళ్ల డబ్బంతా పాత నోట్లయి కూర్చుంది. బర్రె ఆసామి మంచివాడే. నోట్లు వద్దు, బ్యాంకులో వేసుకుని నా ఖాతాకు మార్చండి చాలు, వచ్చే ఆదివారం దాకా చూస్తానన్నాడు. ఇక కావలసిందల్లా పెద్దనాయన వాళ్ల పల్లెలో బ్యాంకు తలుపు తెరవడమే.

అది తెరవడం లేదు. మార్కాపురం బ్రాంచికి వస్తే, మీ ఖాతా ఉన్న చోటికే పొమ్మన్నారు. పెద్దనాయన నేరుగా నా దగ్గరికి వచ్చినాడు. అంతకుముందు వాళ్ల వీధిలో దీపం వెలగడం లేదని నేను రాస్తే, ఆ వారంలోనే వెలిగింది. (బల్బు మార్చే మనిషి సెలవు నుంచి తిరిగొచ్చాడని తర్వాత తెలిసింది. అప్పటికి నా కీర్తి కొండ దాటిపోయింది.) నేను పేపర్లో రాస్తే బ్యాంకు పెద్దలు చూస్తారని, చూస్తే మనిషిని పంపిస్తారని ఆయన నమ్మకం. ఆ మాట పల్లెలో అందరికీ చెప్పేసినాడు కూడా. నేను బండి తీశాను.

పోయి చూస్తే షటర్ నేలదాకా దించి ఉంది. దానికి వీపు ఆనించి ఒక కుక్క గాఢంగా నిద్రపోతోంది. కొన్నాళ్లుగా ఎవరూ లేపని కుక్క నిద్ర ఎట్ల ఉంటుందో అట్ల ఉంది. మెట్ల మీద పల్లె జనం సంచులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచి నిలబడినారు. ఇంకేం కావాలి, రాసుకోవాల్సిందే. కానీ నా సూత్రం ఊరుకోదు కదా. రెండో పక్షం కావాలి. మేనేజరుకు ఫోన్ చేశాను. ఆయన ఎక్కడున్నాడో గానీ వెనక బస్సు కండక్టరు గిద్దలూరు, గిద్దలూరు అని అరుస్తున్నాడు. బ్రాంచి యథావిధిగా తెరిచే ఉందని ఆయన గంభీరంగా చెప్పినాడు. నేను ఆ షటర్ ముందు, ఆ కుక్క పక్కన నిలబడి, ఆ మాట శ్రద్ధగా రాసుకున్నాను.

మర్నాడు వార్త వచ్చింది. బ్యాంకు కొద్దిరోజులుగా మూసి ఉందని కొందరు ఖాతాదారులు ఆరోపించగా, యథావిధిగా తెరిచే ఉందని మేనేజర్ పేర్కొన్నారు. ఈ విషయమై గొర్రెల కాపరులు మిశ్రమంగా స్పందించారు. ఇదీ నా రాత. రెండు పక్షాలకూ సమానంగా లైన్లు వచ్చాయని చూసుకుని మరీ మురిసిపోయాను.

ఆ సాయంత్రం పల్లెకు పోతే, పెద్దనాయన టీ హోటల్ బల్ల మీద పేపరు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. చదువు రాదు. ఎవరితోనో ఒకటికి రెండుసార్లు చదివించుకున్నాడట. మిశ్రమంగా స్పందించింది ఎవరని పక్కవాళ్లు ఒకర్నొకరు అడుగుతున్నారు. ఆయన కోప్పడలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగినాడు.

"మూసినదో తెరిచినదో నువ్వు చూసినావు గదా, నాయనా?"

పత్రికలో రెండువైపులా రాయాలి పెద్దనాయనా, అది పద్ధతి అన్నాను.

"షటర్‌కు రెండు వైపులేందిరా? మేమంతా ఒకవైపే ఉంటిమి గదా" అన్నాడు.

రెండ్రోజులకు మేనేజరే ఫోన్ చేసి, పైవాళ్లు గట్టిగా అడిగితే మీ పేపరే చూపించినా, భలే బ్యాలెన్స్‌గా రాసినావు తమ్ముడూ అని మెచ్చుకున్నాడు. ఉద్యోగంలో నాకు దక్కిన రెండో మెప్పు అది. ఆదివారం వచ్చింది, పోయింది. బర్రెను పామూరు వైపు నుంచి వచ్చినవాళ్లు తోలుకుపోయినారు. షటర్ ఆ తర్వాత లేచింది. పెద్దనాయన నోట్లేమీ చెల్లకుండా పోలేదు, అన్నీ ఖాతాలో పడినాయి. పడినవి రెండువేల చొప్పున బయటికొచ్చి, విత్తనాలకొకసారి, మందులకొకసారి, వచ్చిన దారినే పోయినాయి. ఖాతాకు మారిస్తే చాలనే ఆసామి మళ్లీ దొరకలేదు, బర్రెను విడతలవారీగా కొనలేం కదా. కొట్టంలో కట్టెలు పేర్చుకున్నారు.

ఆ తర్వాత వచ్చిన పండక్కి పల్లెకు పోయాను. పెద్దమ్మ టీ తెచ్చిచ్చి, "పాకెట్ పాలురా, ఏమనుకోబాక" అంది. ఎవరైనా నాలుగు తిట్టి ఉంటే తిరిగి ఏదో ఒకటి చెప్పుకునేవాణ్ణి. ఆ టీకి సమాధానం ఇప్పటికీ కుదరలేదు. ఆమె పోయి మూడేళ్లయింది, ఇక కుదిరినా ప్రయోజనం లేదు.

పత్రిక పని మానేశాను. ఇప్పుడు ఇంటర్ పిల్లలకు పాఠాలు చెబుతున్నా. అక్కడ ప్రశ్నకు ఒకటే జవాబు, ఎంతో నెమ్మది. మొన్న ఎండాకాలం పల్లెకు పోయినప్పుడు పెద్దనాయనతో కలిసి గొర్రెల వెంట కొండవారకు నడిచాను. మబ్బు పట్టింది. మంద మళ్లించాలా వద్దా అని ఆయన ఆకాశం వైపు చూసి, వాన వస్తదంటావా అని అడిగినాడు. ఆ వార్త తర్వాత ఆయన నన్ను అభిప్రాయం అడగడం అదే మొదలు. వచ్చే అవకాశం ఉందనీ, లేదనీ రెండూ నోటిదాకా వచ్చినాయి. మింగేసి, "రాదు" అన్నాను.

ఇల్లు చేరేసరికి ఇద్దరం, మందతో సహా, ముద్దయిపోయినాం. నేను తల తుడుచుకుంటూ తప్పు చెప్పినానని నసిగితే, ఆయన తువ్వాలు పిండుకుంటూ నా వైపు చూసి చాలా తృప్తిగా నవ్వినాడు.

"పోనీలేరా. ఒకటే చెప్పినావు" అన్నాడు.