ఆకు అడుగున చుక్కలు

మా చిన్నప్పుడు ఎల్బీనగర్‌లో కిరాయికుండేవాళ్లం... ఓనరాంటీది రాజమండ్రి. వాకిట్లో నల్లా పక్కన, నీడలో ఆవిడ ఫెర్న్ కుండీ ఉండేది. పువ్వు లేదు, కాయ లేదు... కొత్త ఆకు మాత్రం మురుకులా చుట్టుకుని పుట్టి మెల్లగా విచ్చుకునేది.

అది వాళ్ల పుట్టింటి బావి గోడ మీది మొక్క. ఆ ఇల్లు అమ్మేశారు, బావి పూడ్చేశారు... మిగిలింది ఈ కుండీ ఒక్కటే.

ఒక వేసవిలో ఆంటీ ఊరెళ్తూ నీళ్లు పోయమని మా నాయినకు అప్పగించింది. నాయిన ఆటో నడిపేవాడు గానీ, అంతకుముందు నల్గొండ దగ్గర పత్తి రైతు. ఒక పొద్దున ఆకు తిప్పి చూశాడు... అడుగున గోధుమరంగు చుక్కలు, వరుసగా కుట్టినట్టు. ఆయన ముఖం మారిపోయింది. ఊళ్లో ఒక ఏడాది ఇలాంటివే చూసీ చూడనట్టు వదిలేస్తే చేనంతా పోయిందట. ఆ తర్వాతే మేం పట్నం వచ్చాం.

"పురుగు గుడ్లు వెట్టింది... మిగతా కుండీలకు పాకుతది" అని వేళ్లతో సహా పీకి, గేటు బయటికి మోసుకెళ్లి కాల్చేశాడు. ఆంటీ వచ్చాక మెచ్చుకుంటుందని కూడా అనుకున్నాడు పాపం.

ఆంటీ వచ్చింది. ఖాళీ కుండీ చూసి మెట్ల మీద కూర్చుండిపోయింది.

"అవి పురుగులు కావండీ యాదయ్యగారూ... దీనికి గింజలుండవు, ఆ చుక్కల్లో పొడితోనే ఇంకో మొక్క వస్తుంది. మా చెల్లికి ఒకటి మొలిపించి ఇద్దామని అవి పండేదాకా ఆగాను."

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నాయిన ఆ పూట అన్నం ముట్టలేదు. ఆ తర్వాత చాలా రోజులు ఆంటీ ఎదురుపడితే తల దించుకుని, తుడిచిన ఆటోనే మళ్లీ తుడిచేవాడు...

వానలు పడ్డాక నల్లా కింది తడి ఇటుక మీద గోరంత పచ్చ రేకులు కనిపించాయి. పాచి అనుకుని నేను గీకబోతే ఆంటీ చెయ్యి పట్టుకుంది. నాయిన పీకినప్పుడు ఆకుల నుంచి రాలిన పొడే అట! కొన్నాళ్లకు వాటిలోంచి చిన్న చిన్న మురుకు చుట్టలు లేచాయి.

ఆంటీ ఒకటి చెల్లికి పంపి, ఒకటి నాయినకు ఇవ్వబోయింది.

"నా చేతికొద్దమ్మా... పిల్లకియ్యుండ్రి" అన్నాడు.

ఇప్పుడది మా మీర్‌పేట్ ఇంటి బాల్కనీలో ఉంది. నాయిన అన్ని మొక్కలకూ నీళ్లు పోస్తాడు, దానికి మాత్రం ఇప్పటికీ నన్నే పిలుస్తాడు. మొన్న చుక్కలు గోధుమరంగుకు తిరిగితే, "పండినయి బిడ్డా, ఎవరికన్న ఇయ్యి" అన్నాడు... దూరం నుంచే.

ఆ పాత ఇల్లు అపార్ట్‌మెంట్ అయింది. వాకిలంతా పార్కింగ్, కింద టైల్స్...

మీలో ఎవరికైనా కావాలంటే చెప్పండి, ఒక ఆకు ఇస్తాను. తడి ఇటుక మాత్రం మీరే వెతుక్కోవాలి...