సుశీల వాడగా మిగిలిన నొప్పి మాత్రలు

నా భార్య సుశీల చివరి రోజు శుక్రవారం. చర్చిలో ఉపవాస ప్రార్థన కాబట్టి పొద్దున ఏమీ తినలేదు. మోకాళ్ల నొప్పికి నంద్యాల డాక్టరు రాసిన మాత్ర, నడుము నొప్పికి ఆళ్లగడ్డలో మేమే కొనుక్కున్న మాత్ర, రెండూ వేసుకుంది. చాలా రోజులుగా అలాగే వేసుకుంటోంది. మధ్యాహ్నం నెత్తురు కక్కుకుంది. రాత్రికి నంద్యాల ఆసుపత్రిలో పోయింది. పేర్లు వేరైనా రెండూ ఒకే రకం మందులనీ, కడుపులో పుండు పడి రక్తం పోయిందనీ అక్కడి డాక్టరు చెప్పారు.

ఈ రోజు సాయంత్రం పక్కింటి మరియమ్మ వచ్చింది. పత్తి తీసే పనికి పోతుంది.

“వదిన నొప్పి మాత్రలు మిగిలినాయా అన్నా? మోకాళ్లు పీకుతాండాయి. షాపులో ఇచ్చినేటివి మింగితే తగ్గడం ల్యా. రెండూ కలిపి మింగుతా.”

“వద్దు. మీ వదిన అట్ల మింగే పోయింది. ఒక రకమే వేసుకోవాల. అదీ డాక్టరు చెప్పినంతే, అన్నం తిన్నాక.”

“నా బదులు నువ్వొచ్చి పత్తి తీస్తావా ఏంది? పోయినామె మాత్రలు గూడా దాచిపెట్టుకుంటాండావే.”

నాకు కోపం రాలేదు. కిటికీలో సుశీల కళ్లజోడు పక్కన ఆ మాత్రల షీట్లు ఇంకా ఉన్నాయి. పత్తి తీయడం కూడా నాకు రాదు. డాక్టరు దగ్గరకు పోదామన్నాను. పని పోతుందని గొణిగింది గానీ వస్తానంది.

మీ ఇంట్లో ఎవరైనా ఇలా రెండు రకాలు కలిపి వేసుకుంటున్నారా? కింద రాయండి. అంతకంటే ముందు డాక్టరును అడగండి.

రేపు పొద్దున మరియమ్మ అన్నం తిన్నాక ఇద్దరం నంద్యాల బస్సు ఎక్కుతాం. ఆమె మాత్రలు, సుశీల మాత్రలు డాక్టరు ముందు పెడతాను. సుశీలవి మళ్లీ ఇంటికి తీసుకురాను.