ఆధారం చాలదు

జిల్లాలో పేరున్న మనుషులందరి గురించి తుమకూరులో ఒక విజ్ఞాన కోశం అచ్చు వేస్తున్నారని, పావగడ తాలూకా జాబితా నన్ను తయారు చేయమని 1992లో ఉత్తరం వచ్చింది. నేను వై.ఎన్.హొసకోట హైస్కూలులో సోషల్ మేష్టర్ని. ఎవరు అందులో ఉండాలో, ఎవరు అక్కర్లేదో తేల్చే పని చేతికొచ్చేసరికి, నిజం చెప్పొద్దూ, కాస్త తలకెక్కింది. మాజీ ఛైర్మన్లు, పురాణం చెప్పేవాళ్లు, నాటకాలకు హార్మోనియం వాయించినవాళ్లు అందరూ దొరికారు. ఆటగాళ్ల గడి మాత్రం ఖాళీగా ఉండిపోయింది.

ఆ సంగతి విని మంగళవాడ చిన్నరంగప్ప నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. తాతల నాడు గొర్రెలు కాసిన ఇంటి మనిషి. ఎడమకాలు ఈడుస్తూ నడిచేవాడు. బెంగుళూరులో ఒక ఫ్యాక్టరీ కబడ్డీ జట్టుకు మూడేళ్లు ఆడాడట. మిషను ముట్టుకోనక్కర్లేదు, ఆడినందుకే జీతం. మోకాలు విరిగాక వాళ్లు పొమ్మన్నారు. ఊరికొచ్చి వేరుశనగ పెట్టుకున్నాడు. వానలు మొహం చాటేసిన ఏళ్లలో వేసిన విత్తనం కూడా తిరిగి రాలేదు.

అంతకంటే పెద్ద బాధ ఆయనకు ఇంకొకటి ఉంది. ఊళ్లో ఎవరూ ఆయన ఆడాడంటే నమ్మలేదు. ఫ్యాక్టరీ క్యాంటీనులో గ్లాసులు కడిగి, జారిపడి కాలు విరగ్గొట్టుకుని వచ్చాడని పదేళ్లుగా ఒకటే ఎగతాళి.

"ఒక్క వరస చాలు సార్. ఆడినాడని అచ్చులో ఉంటే చాలు," అన్నాడు. "నా పెండ్లాం ముందరే నన్ను గ్లాసులోడు అంటాండారు."

చొక్కా లోపల్నించి ఒక మడత తీసి, నా బల్ల మీద జాగ్రత్తగా విప్పాడు. కన్నడ పత్రిక ముక్క. జట్టు ఫోటో, కింద ఏడు పేర్లు. మూడో పేరు ఈయనదే. ఫోటోలో మొహాలు ఆనక, ఆ పేరు ఇంకెవరిదో అన్నారట ఊళ్లో. నా దగ్గర వదిలిపెట్టి వెళ్లమంటే ఒప్పుకోలేదు. ఇద్దరం కలిసి హిందూపురం పోయి జెరాక్స్ తీయిద్దాం రమ్మన్నాడు. పరీక్ష పేపర్లు దిద్దాలని తప్పించుకున్నాను. అసలు సంగతి అది కాదు. ఏడుగురిలో ఒకడు, కప్పు గెలిచింది లేదు, రాష్ట్రానికి ఆడింది లేదు. ఇలాంటివాడిని ఎక్కిస్తే కోశం పరువేం కావాలి అనుకున్నాను. పరువు చూసే మొనగాణ్ణి నేనే మరి.

"దీన్ని భద్రంగా పెట్టుకో రంగప్పా. నేను అడిగేదాకా ఎవరి చేతికీ ఇవ్వొద్దు," అని పంపేశాను. జాబితాలో ఆయన పేరు కొట్టేసి, పక్కన ఎర్ర ఇంకుతో 'ఆధారం చాలదు' అని రాసి తుమకూరుకు పంపాను. తరువాత మూడుసార్లు వచ్చి అడిగాడు. మూడుసార్లూ అక్కడివాళ్లు చూస్తున్నారని చెప్పాను.

మరుసటేడు కూడా వాన లేదు. చిన్నరంగప్పకు కామెర్లు వచ్చాయి. నాటు మందు పోశారు. ఆసుపత్రికి తీసుకుపోయేసరికి చేయి దాటిపోయింది. ఆయన పోయిన మాట నాకు పదిహేను రోజులకు తెలిసింది. పలకరించడానికి పోలేదు. ఏ మొహం పెట్టుకుని పోను?

మూడు నెలలకు తుమకూరు నుంచి మళ్లీ ఉత్తరం. పావగడ ఆటగాళ్ల గడి ఖాళీగా ఉంటే బాగుండదు, మీరు కొట్టేసిన ఆ కబడ్డీ మనిషి అసలు కాగితం పంపితే నాలుగు వరసలు వేస్తాం అని. నాకు కళ్ల నీళ్లు తిరిగాయి. చేసిన తప్పు దిద్దుకోవచ్చని మొదటి బస్సే ఎక్కాను.

ఆయన భార్య ఓబక్క అరుగు మీద కూర్చుని విత్తనం కాయలు ఒలుస్తోంది. సంగతి చెప్పి కాగితం అడిగాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"అది ఆయప్పతోనే పోయింది సార్," అంది.

వాళ్లలో మనిషిని పూడ్చేటప్పుడు, బతికుండగా ఇష్టపడిన వస్తువు గుంతలో పెడతారు. ఆకూవక్కా, బీడీకట్టా అందరూ పెట్టేవే. ఓబక్క ఆ కాగితం కూడా పెట్టింది. ఎప్పుడూ ఉండే చోటే, చొక్కా లోపల, ఎద మీద.

"ఎవురికీ ఇయ్యొద్దని, బద్రంగా పెట్టుకోమని మీరే చెప్పినారంట కదా. అంతకంటే బద్రం యాడుండాది సార్?"

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది. కాగితం లేకపోతే పేరు వేయరని మెల్లగా చెప్పాను.

"మీరు సదివినారు కదా సార్. మీరు సదివింది సాలదా?"

చాలదని రాసింది ఈ చెయ్యే. నేను మాట్లాడకపోవడం చూసి చాలదనే అనుకుంది. చేట పక్కన పెట్టి, కొంగు దులుపుకుని లేచి నిలబడింది.

"అట్లయితే తవ్విచ్చేదా సార్? వానలు పడల్యా కదా. కాగితం తడిసుండదు."