సబ్బమ్మ, పూల టేపు

మా పైవాటాలో ఉండే నర్సమ్మ కోపం పట్టలేక స్టేషనరీ కొట్టు ముసలమ్మ చేతికున్న సెలైన్ సూది పీకేసిందనీ, అందుకే ఆవిడకు చలిజ్వరం వచ్చి ప్రాణం మీదికి వచ్చిందనీ మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. సూది తీసింది నిజం. మిగతాది గాలి కబురు. నా చెవులు కాస్త పొడవని అందరికీ తెలుసు కాబట్టి, జరిగింది రాసే పని నా మీదే పడింది.

ఆ నర్సమ్మను పిల్లలు సబ్బమ్మ అంటారు. ఎవరింటికి వచ్చినా ముందు కుళాయి దగ్గరికే వెళుతుంది. వచ్చాక ఒకసారి, వెళ్ళేముందు మరోసారి చేతులు కడుగుతుంది. ఆవిడ వచ్చిపోయాక మా సబ్బు చిక్కిపోతోందని మా ఆయన ఎగతాళి. మా మనవడి మోకాలికి కట్టు మార్చేటప్పుడు వాడితో కాదు, దెబ్బతోనే కబుర్లాడేది. ఏం నాన్నా, ఇవాళ ఎర్రబడ్డావేం, ఎవరి మీద అలిగావు అని అడిగేది. వాడు ఏడుపు మరిచిపోయేవాడు.

ముసలమ్మ కడుపునొప్పితో చేరింది సబ్బమ్మ పనిచేసే వార్డులోనే. కూతురు పక్కనే ఉండి కంటికి రెప్పలా చూసుకుంది. సెలైన్ ఎక్కే చెయ్యి లాగుతోందని తల్లి అన్నప్పుడల్లా నూనె రాసి మర్దన చేసింది. ఆ నూనెకు సూది మీది పట్టీ ఊడొచ్చింది. పిలిస్తే నర్సులు విసుక్కుంటారేమోనని, కానుకల పొట్లాలకు వాడే గులాబీ పూల టేపు తమ కొట్టు నుంచి తెప్పించి అంటించింది. ముసలమ్మ ఆ టేపును కొత్త గాజుల్లాగా వచ్చినవాళ్ళందరికీ చూపించుకుంది. నాకూ చూపించింది.

మధ్యాహ్నం సబ్బమ్మ ఆ టేపు ఎత్తి చూసింది. సూది దిగినచోట ఎర్రగా ఉబ్బి ఉంది. వెంటనే డాక్టరుకు చెప్పి, సూది తీసేసి, రెండో చేతికి కొత్తది పెట్టింది. ఈ చేతులకు నూనె వద్దమ్మా, కావాలంటే కాళ్ళకు రాయి అని మాత్రం కూతురితో అంది. సరిగ్గా అప్పుడే కొడుకు లోపలికి వచ్చాడు. అతనికి కనిపించింది తల్లి చేతి మీద రక్తపు చుక్క, నర్సమ్మ చిరాకు మొహం. సాయంత్రానికి ముసలమ్మ మంచం కదిలిపోయేలా వణికింది. ఇంకేముంది, కొడుకు వెళ్ళి ఫిర్యాదు చేశాడు. సబ్బమ్మను పనిలోంచి పక్కనపెట్టి విచారణ అన్నారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. అంతవరకూ ఇంజెక్షన్లకు ఆవిడ కోసం మా మెట్లెక్కినవాళ్ళు మొహాలు చాటేశారు.

తర్వాత రక్తపరీక్షలో క్రిములు తేలాయి. సూది ఉన్నచోటు నుంచే రక్తంలోకి వెళ్ళాయనీ, దాన్ని అలాగే ఉంచితే ఇంకా ముదిరేదనీ డాక్టరు అన్నాచెల్లెళ్ళిద్దరికీ చెప్పాడు. కూతురు నూనె సంగతీ టేపు సంగతీ అన్నకు అక్కడికక్కడే చెప్పేసింది. అతను ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు, సబ్బమ్మ మళ్ళీ పనిలో చేరింది. మందులు పనిచేసి ముసలమ్మ లేచి కూర్చుని, నా పూల టేపు ఎవరు తీశారని నిలదీసిందట. ఇదంతా నాకు చెప్పింది ఆ కూతురే. "వీధిలో అందరికీ చెప్పండి అత్తయ్యా. ఈ పనికి మిమ్మల్ని మించినవాళ్ళెవరు?" అంది. అది పొగడ్తో, చురకో, నేను పట్టించుకోలేదు.

నాకు ఒకటే కొరుకుడు పడలేదు. విచారణలో సబ్బమ్మ పట్టీ ఊడి ఉందని చెప్పిందే గానీ, ఎలా ఊడిందో చెప్పలేదట. ఉండబట్టలేక మెట్లెక్కాను. ముందు నేనే కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నాను.

"నీ ఉద్యోగం పోయేలా ఉన్నా ఆ పిల్ల పేరెందుకు ఎత్తలేదమ్మాయ్?"

తువ్వాలు అందిస్తూ అంది. "ఎత్తితే ఆ పిల్ల వాళ్ళమ్మ చెయ్యి ఇంకెప్పుడైనా పట్టుకుంటుందా పెద్దమ్మా? అయినా పట్టీ పొద్దున్నే చూడాల్సింది నేను. పక్క మంచం దగ్గరికి వెళ్ళొచ్చి చూద్దాంలే అనుకున్నాను."