మా ఇంట్లో చింతకాయ పచ్చడికి ఉప్పు చూసే మనిషి

నేను డిగ్రీ పాసయ్యాను. ఏడాది దాటినా, కొత్తవాళ్ళు ఎవరు కలిసినా ముందు ఆ మాట చెప్పేస్తాను. మా నాన్నవైపు చూసినా, అమ్మవైపు చూసినా కాలేజీ గుమ్మం తొక్కిన మనిషి అంతకుముందు లేరు. వట్లూరులో చదివాను. చివర్లో ఒక్క పేపరు తప్పి, మళ్ళీ ఫీజు కట్టి రాశాను. అది పాసైనట్టు ఫోన్లో చూసుకున్న పొద్దున, ఇంటికి ఫోన్ చెయ్యకుండా, ఎదురుగా నిలబడి చెప్పాలని బస్సెక్కేశాను. బస్సు దిగి ఎక్కిన ఆటోలో పక్కన కూర్చున్న ఒకావిడ అడక్కుండానే ఆవిడకి చెప్పాను. "పోన్లే అమ్మా, మంచిదే," అని ఆవిడ తన సంచిలోని జామకాయ ఒకటి ఇచ్చింది.

మాది కొల్లేటికోట దగ్గర ఊరు. నేను వెళ్ళేసరికి వాకిట్లో రోకలి చప్పుడు వినపడుతోంది. చింతకాయ పచ్చడి మూడో రోజు.

ఆ పచ్చడి సంగతి తెలియనివాళ్ళకి చెప్పాలి. చలికాలం మొదట్లో కామవరపుకోట నుంచి మా అమ్మ పుట్టింటివాళ్ళు పచ్చి చింతకాయలు పంపుతారు. వాటిని పసుపు, కల్లుప్పు వేసి కచ్చాపచ్చాగా దంచి జాడీలో పెడతారు. మూడో రోజు తీసి, గింజలు, ఈనెలు ఏరి పారేసి, మెత్తగా దంచి, ఉప్పు చూసి మళ్ళీ జాడీకెత్తుతారు. ఇక ఏడాదంతా ఉంటుంది. కావలసినప్పుడు ఇంత తీసి పచ్చిమిరపకాయలతో నూరి, ఎండుమిర్చి, వెల్లుల్లి పోపు పెట్టుకోవడమే. ఆ పోపులో ఇంగువ వేసేవాళ్ళున్నారు. వాళ్ళతో నాకు మాటల్లేవు. కొరమీను పులుసులో చింతపండుకి బదులు ఈ పచ్చడి ఒక ముద్ద వేసి చూడండి, ఆ తర్వాత మాట్లాడదాం.

ఆవకాయ పెళ్ళికొచ్చిన చుట్టంలాంటిదని నాన్న అనేవాడు. మొదటి నెల హడావుడి చేసి తర్వాత మెత్తబడిపోతుందట. గోంగూరకి అలకెక్కువట. చింతకాయ మాత్రం ఇంట్లో మనిషట. ఆ మాటలో నిజముంది. వానాకాలం కొల్లేరు పొంగి గట్లు మునిగితే కూరగాయల ఆటో మా ఊరికి రాదు. అప్పుడు మమ్మల్ని బతికించేది వేడన్నం, కాల్చిన ఎండుచేప, ఈ జాడీ. ఉప్పు తక్కువైతే ఆ వానల నాటికి పచ్చడి బూజు పడుతుంది. అందుకే ఉప్పు చూడటం మా ఇంట్లో చిన్న విషయం కాదు. అది నాన్న పని. అమ్మ వేలితో తీసి ఇస్తే నాలిక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఒక్క మాట చెప్పేవాడు. ఆయన చెప్పాక పచ్చడి చెడిపోవడం నేనెరగను. మా వీధిలో ఆడవాళ్ళు కూడా గిన్నెల్లో తెచ్చి ఆయన చేత చూపించుకునేవాళ్ళు. చేపల చెరువులో పడవ మీద తిరుగుతూ కర్రలకి మేత సంచులు కట్టే మనిషికి ఊళ్ళో దక్కిన గౌరవం అదొక్కటే.

ఆ ఏడు నాన్న కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు ఏలూరు తీసుకెళ్ళి రక్తం శుభ్రం చేయించాలి. ఉప్పు మానేయాలని, పచ్చళ్ళ వైపు చూడనే కూడదని డాక్టరు చెప్పాడు. అన్నంలోకి చప్పటి పప్పు తిని మనిషి సగమైపోయాడు. పని ఎలాగూ మానేశాడు. ఇక మిగిలింది ఉప్పు చూడటమే. "మింగనండీ, నాలిక మీద పెట్టుకుని ఊసేస్తాను," అని డాక్టరుతో బేరమాడి మరీ ఒప్పించుకున్నాడు.

వాకిట్లో అడుగు పెడుతూనే నా వార్త చెప్పేశాను. అమ్మ రోకలి వదిలేసి కొంగుతో మొహం తుడుచుకుంది. నాన్న కుర్చీలోంచి లేవబోయి లేవలేక, పక్కింటి పెద్దమ్మ వైపు చెయ్యి చూపించాడు.

"మీ పెద్దమ్మకి సరిగ్గా వినపడదమ్మా. ఇంకోసారి గట్టిగా చెప్పు."

పెద్దమ్మకి బ్రహ్మాండంగా వినపడుతుంది. అయినా గట్టిగా చెప్పాను.

"మరింకేం, చదువుకున్న చేత్తో ఆ ఈనెలు ఏరు," అంది పెద్దమ్మ.

ఏరాను. అమ్మ దంచడం అయిపోయాక వేలితో కొంచెం తీసి నాన్నకిచ్చింది. ఆయన నాలిక మీద పెట్టుకున్నాడు, కళ్ళు మూసుకున్నాడు, గ్లాసులో ఊశాడు.

"ఉప్పు చాల్లేదే."

అమ్మ ఒక గుప్పెడు కల్లుప్పు వేసి దంచి మళ్ళీ ఇచ్చింది.

"ఇంకా పట్టలేదు."

ఇంకో గుప్పెడు పడింది. పెద్దమ్మ చూపుడువేలితో కాస్త తీసి నోట్లో పెట్టుకుని వెంటనే మొహం తిప్పేసుకుంది. నేనూ చూశాను. చేదెక్కిపోయేంత ఉప్పు. నాన్న మాత్రం మూడోసారి కూడా చాల్లేదన్నాడు. రోగమో, మందులో, ఆ నాలికని తినేశాయని అప్పుడు మా ముగ్గురికీ తెలిసింది. రోట్లో మిగిలే పచ్చడిలో కలపడానికి వండిన వేడన్నం పక్కనే పొగలు కక్కుతోంది.

అమ్మ ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టింది. గుప్పిట మూసి, రోలు మీదికి తెచ్చి తెరిచింది. అందులోంచి ఏమీ పడలేదు. అలాగే నాలుగు పోట్లు వేసి వేలితో అందించింది.

"ఏవండీ, ఇప్పుడు చూడండి."

ఆయన ఈసారి ఎక్కువసేపే కళ్ళు మూసుకున్నాడు.

"ఆఁ. ఇప్పుడు సరిపోయింది."

మర్నాడు ఆయన్ని ఏలూరు తీసుకెళ్ళింది నేనే. బస్సులో కిటికీ పక్కన కూర్చుని చెరువుల వైపు చూస్తూ, ఉన్నట్టుండి అన్నాడు.

"నిన్న మీ అమ్మ గుప్పిట్లో ఉప్పు లేదమ్మా."

"చూశావా నాన్నా?"

"కళ్ళు పోలేదు కదా, నాలికే."

"మరి సరిపోయిందన్నావేంటి?"

"ఇంకేం అనమంటావు? అప్పటికే రెండు గుప్పెళ్ళు పోయించాను." నా మోకాలి మీద తట్టాడు. "వచ్చే ఏటి నుంచి నువ్వు చూడు. చదువైపోయింది కదా, ఖాళీయేగా."

వానలు మొదలవకముందే నాన్న పోయాడు. గట్లు మునిగిన రోజుల్లో అమ్మా నేనూ ఆ పచ్చడే తిన్నాం. తర్వాత తాడేపల్లిగూడెంలో నాకు ఒక ఆఫీసులో ఉద్యోగం వస్తే, చిన్న జాడీలో అదే తెచ్చుకున్నాను. రూములో ఉండే అమ్మాయి ఒకసారి తిని, మీ ఇంట్లో ఉప్పు ఉచితంగా దొరుకుతుందా అంది. రెండు రోజులు ఆ అమ్మాయితో మాట్లాడలేదు. అన్నం ఎక్కువ కలుపుకుని, నీళ్ళు తాగుతూ, అడుగంటా తిన్నాను.

మొన్న మళ్ళీ చింతకాయలు వచ్చాయి. మూడో రోజుకి సెలవు పెట్టి వెళ్ళాను. కుర్చీ అక్కడే ఉంది. ఎవరం అందులో కూర్చోలేదు. అమ్మ వేలితో తీసి నాకు అందించింది. నాలిక మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను.

"ఉప్పు చాల్లేదమ్మా."

అమ్మ చెయ్యి ఆగిపోయింది. నా మొహం వైపు, నా కళ్ళ కింద, చేతుల వైపు చూసింది. నాన్నని మొదటిసారి చూసిన డాక్టరులాగే చూసింది. ఎన్నడూ ఉప్పు చూడని మనిషి, వేలితో తీసి తన నోట్లో పెట్టుకుంది. పెద్దమ్మ నోట్లో పెట్టింది.

"బానే ఉందిగా," అంది పెద్దమ్మ. "ఏడాదిగా ఆ ఉప్పు జాడీయే తింటున్నావు. నీకిక మామూలుది ఎలా ఆనుతుందే?"

అమ్మ అప్పుడు ఊపిరి వదిలింది. నేను పొరబడ్డానని, మామూలుగానే ఉండనిమ్మని చెప్పాను. ఆవిడ వినలేదు. ఉప్పు డబ్బా దగ్గరికి లాక్కుని, గుప్పెడు తీసి, ఈసారి నిండా తీసి, రోట్లో వేసింది.

"ఉప్పు చూసేవాళ్ళు చెప్పాక ఇంకో మాటేంటి," అని రోకలి అందుకుంది.