గుండె మీద చెయ్యి పెట్టుకోమంటే

నేను పీజీ రెండో ఏడాదిలో ఉండగా మా హాస్పిటల్ వాళ్ళు మాకో క్లాసు పెట్టించారు. మన మీద మనమే కాస్త దయ చూపించుకోవడం నేర్పుతారట. ముప్పై ఆరు గంటల డ్యూటీలు తగ్గించండి మహాప్రభో అంటే, దయ నేర్పుతారా అని నాకు ఒళ్ళు మండింది. అయినా వెళ్ళాను, హాజరు వేస్తారు కదా.

ఆ రోజు నా ఆప్రాన్ జేబులో మడతపెట్టిన కాగితం ఒకటుంది. కోర్సు మానేస్తున్నానని మా డిపార్ట్‌మెంట్ హెడ్‌కి రాసిన ఉత్తరం. క్లాసవగానే ఇచ్చేద్దామనుకున్నాను. పది రోజుల కిందట ఒక పెద్దాయన రక్తం రిపోర్టు రెండు గంటలు ఆలస్యంగా చూశాను. పొటాషియం గుండె ఆగిపోయేంత ఎక్కువుంది. వెంటనే మందులు మొదలుపెట్టాం, ఆయన కోలుకుని బోరబండలోని ఇంటికి నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఆ రెండు గంటల్లోంచి బయటికి రాలేకపోయాను. "మొద్దుమొహమా, నీకెందుకే డాక్టరీ" అని లేచింది మొదలు నన్ను నేను తిట్టుకోవడమే పని.

క్లాసు చెప్పడానికి వచ్చినావిడ రిటైరైన డాక్టరు. రాయదుర్గం మెట్రో కనిపించే అద్దాల గదిలో మా పదిహేనుమందినీ కూర్చోబెట్టి, "జర కళ్ళు మూసుకుని, గుండె మీద చెయ్యి పెట్టుకోండ్రి" అంది. చేతులైతే పెట్టుకున్నాం గానీ, ఒక్కరూ కళ్ళు ముయ్యలేదు. అందరం వాచీలు చూసుకుంటున్నాం. అక్కడ చెయ్యి పడితే కొట్టుకునేది లెక్కపెట్టడమే మాకు తెలుసు మరి.

ఆవిడ నవ్వి నా వైపు తిరిగింది. "నీదెంత?"

"నూట పద్నాలుగు, మేడమ్."

"గింత ఉన్న పేషెంటొస్తే ఏం జేస్తవ్?"

"కూర్చోబెట్టి, ఎప్పుడు తిన్నారని అడుగుతానండి."

"అడుగు మరి" అని నా పక్కన ఖాళీ కుర్చీ చూపించింది.

సిగ్గేసింది. అయినా ఆ కుర్చీలో నేనే ఉన్నాననుకుని అడిగాను. జవాబులూ నేనే చెప్పాను. తిన్నది నిన్న మధ్యాహ్నం. నిద్ర పది రోజులుగా లేదు. ఎందుకమ్మా అంటే, రిపోర్టు ఆలస్యంగా చూశాను.

ఇంతలో నా నోట్లోంచి వార్డులో రోజూ చెప్పే మాట వచ్చేసింది. నాన్నని ముందే తీసుకురావలసిందని ఏడ్చే కొడుకులకీ, కూతుళ్ళకీ చెప్పే మాట. ఆలస్యమైనా తీసుకొచ్చారు కదమ్మా, అంటాను వాళ్ళతో. కుర్చీతో ఇలా అన్నాను: "ఆలస్యమైనా చూశారు కదమ్మా."

ఊరందరికీ పంచిన మాట అప్పటిదాకా నాకు నేను ఒక్కసారీ చెప్పుకోలేదు. అందరి ముందూ భోరున ఏడ్చాను.

తర్వాత హెడ్ దగ్గరికని బయల్దేరి క్యాంటీన్‌కి వెళ్ళాను. రెండు పెసరట్లు తిని, రూముకెళ్ళి పడుకుంటే మళ్ళీ తెల్లారే లేచాను. ఉత్తరం రేపిద్దాంలే అనుకున్నాను.

ఆదివారం ఆప్రాన్ వాషింగ్ మెషీన్లో వేసేటప్పుడు జేబులు చూడలేదు. కాగితం ముక్కలు ముక్కలై బట్టలన్నిటికీ అంటుకుంది. నా తప్పే, ఒప్పుకుంటాను. అయితే ఈసారి తిట్టుకోలేదు. ఇంకో ఉత్తరం రాయనూ లేదు.