దొడ్డుదో, సన్నదో

నా చిన్నప్పుడు, మా ఇంటి పిల్లల్లో తెలుగు చదవడం వచ్చింది నాకొక్కదానికేనని పేరు. ఆ పేరు అబద్ధమాడి సంపాదించుకున్నదే. చంద్రపూర్‌లో మాది మరాఠీ బడి. మా కాక, అంటే నాన్న తమ్ముడు, వేసవి సెలవుల్లో పలక ముందు పెట్టి తెలుగు అక్షరాలు దిద్దించేవాడు. నాలుగు రోజులు దిద్ది మానేశాను. ఆపైన కాక తెచ్చే వారపత్రిక తెరిచి, బొమ్మలు చూసి కథలు అల్లి, నానమ్మకు గడగడా చదివినట్టు చెప్పేదాన్ని. ఆమెకూ చదువు రాదు కాబట్టి నా గొప్ప నిలబడింది. కాక దూరం నుంచి విని మురిసిపోయేవాడు.

కాకకు దుర్గాపూర్ దారిలో మోటార్‌సైకిళ్ల షెడ్డు ఉండేది. కొత్త రకం తేలిక బళ్లు బజారులోకి దిగుతున్న రోజులవి. పక్కింటి అన్నకు తన పాత బరువు బండి వాటి వెనక పడడం నామోషీ. వాడి పోరు పడలేక కాక ఆ ఇంజిన్ పైమూతను, అంటే హెడ్డును, లేత్ మీద కొంచెం గీయించాడు. దానివల్ల లోపల జాగా తగ్గి, గాలీ పెట్రోలూ గట్టిగా నొక్కుకుని బండికి ఊపు వస్తుంది. మరీ నొక్కుకుంటే మాత్రం మా ఊరి ఎండకు, అప్పటి పెట్రోలుకు అది వేళకు ముందే మండి పిస్టన్‌ను కాల్చేస్తుంది. అందుకే హెడ్డు కింద వేసే రాగి రేకు, గ్యాస్కెట్, మందంగా ఉండి తీరాలన్నాడు కాక. మందంగా ఉన్నదాన్ని మా వైపు దొడ్డుది అంటారు. అన్న బండికి దొడ్డుది, ఇంకెవరి బండికో సన్నది కోసి, వేర్వేరు పుడీలు, అంటే కాగితం పొట్లాలు, కట్టి, పైన తెలుగులో రాసి పెట్టాడు.

ఇంతలో కాకకు ఆదిలాబాద్‌లో పెళ్లికి వెళ్లాల్సి వచ్చింది. అన్న ఆగనన్నాడు, హెడ్డు తనే బిగించుకుంటానన్నాడు. కాక పోతూ పోతూ నన్ను పిలిచి, “అన్న వస్తే దొడ్డుది అని రాసిన పుడి ఇయ్యి బిడ్డా. నీకైతే చదువ వస్తది” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే అన్న గుమ్మంలో నిలబడ్డాడు. రెండు పుడీలూ ఒకలాగే ఉన్నాయి. విప్పి వేళ్లతో తడిమితే తెలిసిపోయేది. కానీ విప్పితే నాకు చదవ రాదని బయటపడుతుంది. ఒకటి తీసి చేతిలో పెట్టాను.

“గిదేనా? మంచిగ చూసినవా?”

“చదివే ఇస్తున్న అన్నా.”

మూడో రోజు రాజురా దారిలో, ఎర్రటి ఎండలో, ఇంజిన్ టకటకమని మోగిందట. అది బలమే అనుకుని అన్న ఇంకా తిప్పాడు. పిస్టన్ కాలి ఇంజిన్ పట్టేసింది. బండితో పాటు పడి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు.

కాక తిరిగొచ్చి హెడ్డు విప్పించి ఆ గ్యాస్కెట్‌ను రెండు వేళ్ల మధ్య పట్టుకున్నాడు. అది సన్నది. అన్న వాళ్ల నాన్న వాకిట్లో నిలబడి గొంతు చించుకుంటున్నాడు. నేను తలుపు చాటున నక్కాను. కాక నా వైపు ఒక్కసారి చూసి, “నాదే తప్పు. పుడీల మీద నేనే ఉల్టా రాసిన” అన్నాడు. ఆ తర్వాత హెడ్డు పనికి ఆయన షెడ్డు గడప తొక్కినవాళ్లు తక్కువ. పుడి మీద రాయడం రానివాడికి ఇంజిన్ ఎలా ఇస్తామని ఎగతాళి చేశారు. కాక పంక్చర్లు వేసుకుంటూ కూర్చున్నాడు.

నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని, “రాదు అంటే ఏమైతుండె బిడ్డా? నేను వచ్చేదాక వాడు ఆగుతుండె, గంతే గదా” అన్నాడు. ఏడుస్తూనే ఆ వేసవిలో తెలుగు మొత్తం నేర్చుకున్నాను.

తెలియనిది తెలియదని చెప్పడానికి ఆ రోజు నుంచీ నాకు సిగ్గు లేదు. ఉద్యోగంలోనూ, ఇంట్లోనూ, మనవల ముందూ చెప్తాను. కాక చనిపోయిన రోజున అన్న వచ్చాడు. ఎడమ చెయ్యి ఇప్పటికీ భుజం దాటి పైకి లేవదు. “మంచి మనిషి. గా ఒక్కసారే తప్పు రాసిండు” అని కళ్లు తుడుచుకున్నాడు. “అవును అన్నా,” అన్నాను.